వాయుసేనకు తొలి భారతీయ సారథి: సుబ్రతో ముఖర్జీ

మొదటి ప్రపంచ యుద్ధం ముగింపుకు వచ్చిన 1918వ సంవత్సరంలో హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనంతో బ్రిటిషు వారు ఒక విమాన పటాలానికి కొత్త విమానములు సమకూర్చుకొన్నారు. ఆ పటాలం సంఖ్య 110. అవి హైదరాబాదు ప్రభువు కానుక అని ఆ విమానముల మీద అక్షరములు వ్రాయబడి ఉండేవి. ఫ్రాన్సు నుంచి బయలుదేరి జర్మనీ పట్టణముల మీద బాంబులు వేయడం వాటి పని. మూల్యం చెల్లించినది తెలంగాణా, మరాట్వాడా, కన్నడ సీమల రైతులు కట్టిన శిస్తు. విమానములు నడిపినవారు మాత్రం పరదేశీయులు. భారతీయుల ధనం బ్రిటిషు వైమానిక దళంలోనికి సులభంగా ప్రవేశించినది గాని, భారతీయుడు ప్రవేశించడానికి ఇంకా పన్నెండేండ్లు పట్టినది.

అసలు ఎవరూ ప్రవేశించలేదని కాదు. ఆ యుద్ధంలోనే వేళ్ల మీద లెక్కించదగిన కొద్దిమంది భారతీయ యువకులు ఎట్లో తలుపు త్రోసుకొని లోపలికి పోయినారు. వారిలో ఇంద్రలాల్ రాయ్ అనే కలకత్తా యువకుడు 1918 జూలై మాసంలో రెండు వారములు తిరుగక ముందే పది శత్రు విమానములను కూల్చి, ఆ నెల 22వ తేదీన తానూ నేలకూలినాడు. అప్పటికి అతని వయస్సు పందొమ్మిదేండ్లు. యుద్ధం ముగియగానే ఆ తలుపు మళ్లీ మూతపడినది. ఈ ఇంద్రలాల్‌కు వరుసకు మేనల్లుడైన సుబ్రతో ముఖర్జీ ఆ మూసిన తలుపును తెరిచిన వారిలో ఒకడై, చివరకు ఇంటికే యజమాని అయినాడు.

సుబ్రతో 1911 మార్చి 5వ తేదీన కలకత్తాలో జన్మించారు. తండ్రి సతీశ్ చంద్ర ముఖర్జీ ఐ.సి.యస్. ఉద్యోగి. తల్లి చారులత, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలకు తొలి భారతీయ ప్రిన్సిపాలుగా పనిచేసిన ప్రసన్నకుమార్ రాయ్ గారి కుమార్తె. చదువూ, సంఘసంస్కారమూ రెండు వైపుల నుంచీ వచ్చిన బ్రహ్మసమాజ కుటుంబం. నలుగురు సంతానంలో సుబ్రతో కడపటివారు. అక్క రేణుక చిన్నతనముననే గాంధీజీ పిలుపు విని ఉద్యమంలోనికి దిగినది. తరువాత రేణుకా రాయ్‌గా రాజ్యాంగ సభలో సభ్యురాలైనది. ఒకే ఇంటిలో అక్క సామ్రాజ్యాన్ని ఎదిరించగా, తమ్ముడు ఆ సామ్రాజ్యపు చొక్కా తొడుగుకొన్నాడు. ఆ తరంలో చదువుకొన్న కుటుంబములు అనేకం ఇట్లే రెండు దారులు పట్టినవి. ఏ దారి మేలైనదో అప్పుడు ఎవరికీ నిశ్చయంగా తెలియదు. బిడ్డ వైద్యుడు కావలెనని ఇంటివారి తలంపు. బిడ్డకు ఆకాశం మీద మోజు.

ఈ మోజు తీరడానికి ఢిల్లీలో, లండనులో కొన్ని కాగితములు కదలవలసి వచ్చినది. సైన్యంలో అధికారి పదవులు భారతీయులకు ఇచ్చే విషయమై 1925లో స్కీన్ అనే సేనాని అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడినది. మోతీలాల్ నెహ్రూ, జిన్నా అందులో సభ్యులు. యుద్ధంలో నలుగురైదుగురు భారతీయులు విమానములు నడిపి మెప్పు పొందినప్పుడు శాంతికాలంలో ఎందుకు నడపలేరన్న ప్రశ్నకు ప్రభుత్వం వద్ద సమాధానం లేకపోయినది. తత్ఫలితంగా 1930లో ఆరుగురు యువకులను ఏరి ఇంగ్లండులోని క్రాన్‌వెల్ వైమానిక కళాశాలకు పంపినారు. హరీశ్ చంద్ర సర్కార్, సుబ్రతో ముఖర్జీ, భూపేంద్ర సింగ్, ఐజాద్ బక్ష్ అవాన్, అమర్జీత్ సింగ్, జె. ఎన్. టాండన్: వీరే ఆ ఆరుగురు. వీరిలో టాండన్ పొట్టివాడు. విమానంలో కూర్చుంటే కాళ్లు పెడలుకు సరిగా అందలేదు. అందుచేత ఆయనను సామగ్రి శాఖకు మార్చినారు. మిగిలిన అయిదుగురు చోదకులైనారు.

1932 అక్టోబరు 8వ తేదీన భారత వైమానిక దళ శాసనం అమలులోనికి వచ్చినది. ఆనాడే ఈ యువకులకు అధికార పత్రములు లభించినవి. ఇప్పటికీ ఏటా ఆ తేదీనే వైమానిక దళ దినోత్సవం జరుపుకొంటున్నారు. దళం పేరు గంభీరమైనదే. దళం మాత్రం ఇంకా కాగితం మీదనే ఉన్నది. 1933 ఏప్రిల్ 1వ తేదీన కరాచీ దాపున డ్రిగ్ రోడ్డులో మొదటి స్క్వాడ్రను ఏర్పడినప్పుడు లెక్క చూచుకొంటే ఆరుగురు అధికారులు, పందొమ్మిది మంది హవాయి సిపాయిలు, నాలుగు పాత వాపిటీ విమానములు. అధిపతి బౌచియర్ అనే ఆంగ్లేయుడు.

వాపిటీని గురించి ఒక మాట చెప్పుకోవలె. అది రెండు అంతస్తుల రెక్కలు గల విమానం. రెక్కల మీద గుడ్డ పరిచి బిగించేవారు. చోదకుని నెత్తిన కప్పు లేదు. ఎండా గాలీ మొగం మీదనే. వెనుక పీటలో లూయీ తుపాకితో ఒక సిపాయి కూర్చుండేవాడు. మంచి ఊపులో ఉన్నప్పుడు కూడా గంటకు నూట నలుబది మైళ్లు దాటదు. కమలాపురంలో లేచి చెన్నపట్నంలో దిగవలెనంటే దానికి గంటకు పైగా పట్టి ఉండేది. బ్రిటిషు దళం ఇతర చోట్ల క్రమంగా వదలివేస్తున్న ఆ బండ్లతో భారతీయులు తమ యోగ్యత నిరూపించుకోవలసి వచ్చినది.

నిరూపణ అన్నమాట ఇక్కడ అలంకారం కాదు. భారతీయులు యంత్రములను నడపగలరేమో గాని, వాటిని బాగుచేసికోలేరనీ, చేసికొన్నా ఒకరి మాట ఒకరు వినరనీ అనుకొనే పెద్దలు బ్రిటిషు దళంలో తక్కువ కాదు. ఈ ఒక్క స్క్వాడ్రను విఫలమైతే రెండవది ఉండదని అందులో పనిచేసే ప్రతి సిపాయికీ తెలుసు. ఆరంభం శుభంగా కూడా లేదు. మొదటి యేడే భూపేంద్ర సింగ్, అమర్జీత్ సింగ్ ఒకే విమాన ప్రమాదంలో మరణించినారు. మరి కొంతకాలానికి ఒక దుర్ఘటన తరువాత సర్కార్ దళం విడిచిపోవలసి వచ్చినది. అయిదుగురు చోదకులలో రెండేండ్లకే ముగ్గురు లేరు. ఇరువది నాలుగేండ్లు నిండని ముఖర్జీ మీద ఆ బరువంతా పడినది. తరువాతి జట్లలో ఆస్పీ ఇంజనీరు, కరుణ్ కృష్ణ మజుందార్ వంటి సమర్థులు వచ్చి చేరినారు. దేవుడు మేలుచేసి క్రింది వరుసలో హర్జీందర్ సింగ్ అనే లాహోరు ఇంజనీరింగు పట్టభద్రుడు ఉన్నాడు. మంచి ఉద్యోగం దొరికే చదువు చదివి కూడా ఆయన సామాన్య హవాయి సిపాయిగా చేరి, చేతికి నూనె పూసుకొని యంత్రముల క్రింద దూరినాడు. ముఖర్జీకి, హర్జీందర్‌కు మధ్య అధికారికీ సిపాయికీ ఉండే దూరం ఉన్నా, ఇద్దరి లక్ష్యం ఒకటే కావడం వలన జీవితాంతం నిలిచిన స్నేహం ఏర్పడినది.

1936లో స్క్వాడ్రను పెషావరుకు మారినది. మరుసటి సంవత్సరం నుంచి వజీరిస్తానులోని మీరాన్‌షా కోట నుంచి కార్యకలాపములు. అది తోచీ నదీలోయ. వేసవిలో కమలాపురం దగ్గర పాపాఘ్ని నదిని చూచినవారికి ఆ దేశం కొంత ఊహకు అందుతుంది: నీటికంటె ఇసుకే ఎక్కువైన యేరు, ఇరుప్రక్కల మాడిన రాతిగుట్టలు, నీడకు చెట్టు లేని దారి. భేదమల్లా ఆ గుట్టలు ఎన్నో రెట్లు ఎత్తు. ప్రతి బండ వెనుకా గురి తప్పని తుపాకి. క్రింద విమానం దిగినదంటే చోదకుడు ప్రాణములతో తిరిగి వచ్చేది అదృష్టం కొద్దీ.

ఆ యుద్ధం న్యాయమైనదా అన్న ప్రశ్న ఈ జీవితచరిత్రలో దాటవేయరానిది. ఇపీ ఫకీరు నాయకత్వంలో తిరుగబడిన కొండజాతుల గ్రామముల మీద ముందుగా హెచ్చరిక కాగితములు చల్లి, గడువు తీరిన పిమ్మట బాంబులు వేయడం బ్రిటిషు వారి విధానం. గ్రామం ఖాళీ అయి ఉండవచ్చును. ఇండ్లు, పొలములు, పశువుల కొట్టములు మాత్రం మిగలవు. భారతీయ చోదకులు ఆ ఆజ్ఞలను పాటించినారు. స్వాతంత్ర్యానంతరం వ్రాసిన పొగడ్తలలో ఈ ఘట్టం వీరగాథగా మాత్రమే కనిపించడం సమంజసం కాదు. వారు అక్కడ విద్య నేర్చుకొన్నారన్నది నిజం. ఆ విద్యకు మూల్యం చెల్లించినది వజీరీ రైతు అన్నదీ అంతే నిజం.

అయితే ఆ రోజులలో ముఖర్జీ చేసిన ఒక పని బాంబులకు సంబంధించినది కాదు. సైనికులు కాపలా ఉన్న ఒక చిన్న కొండ ఠాణాను శత్రువులు చుట్టుముట్టినారు. లోపలివారికి గుండ్లు అయిపోయినవి. ఆ సంగతిని వారు నేల మీద గుడ్డపట్టీలు పరిచి సంకేతములతో ఆకాశానికి తెలియజేసినారు. పైన తిరుగుతున్న ముఖర్జీ దానిని చదివినారు. తిరిగి మీరాన్‌షాకు పోయి సామగ్రి తెచ్చేలోగా ఠాణా పడిపోవచ్చును. అందుచేత వెనుక పీటలోని సిపాయి తన తుపాకి గుండ్లను విప్పి, మేజోళ్లలో నింపి మూటకట్టగా, ముఖర్జీ కొండ వాలు మీదికి విమానాన్ని బాగా క్రిందికి దింపి వాటిని ఠాణాలో పడేటట్లు చేసినారు. తమ ఆత్మరక్షణకు ఉన్న గుండ్లే అవి. ఆ ఠాణా నిలిచినది. ఎన్ని పతకములు వచ్చినా, పాత సిపాయిలు ముఖర్జీని తలచుకొన్నప్పుడు మొదట చెప్పుకొన్నది ఆ మేజోళ్ల కథే.

1938లో ఆయన ఒక ఫ్లైటుకు నాయకులైనారు. 1939 మార్చి 16వ తేదీన మొదటి స్క్వాడ్రను మొత్తానికి అధిపతి అయినారు. ఒక విమాన స్క్వాడ్రను భారతీయుని చేతికి రావడం అదే ప్రథమం. ఆ సంవత్సరమే మహారాష్ట్ర కుటుంబానికి చెందిన శారదా పండిట్‌తో వివాహం జరిగినది. విజయలక్ష్మీ పండిట్ భర్త రంజిత్ పండిట్ ఆమెకు దగ్గరి బంధువు.

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చినది. 1942 ఆరంభంలో మొదటి స్క్వాడ్రను బర్మాకు పోయి జపాను విమాన స్థావరముల మీద దాడులు చేసి పేరు తెచ్చుకొన్నప్పుడు దాని నాయకుడు మజుందార్. ముఖర్జీ క్వెట్టా స్టాఫ్ కళాశాలకు, ఆ పిమ్మట కార్యాలయపు బల్లల దగ్గరకు చేరినారు. పోరాటంలో కీర్తి మజుందార్‌కు, మెహర్ సింగ్‌కు దక్కినది. ముఖర్జీ వాటాకు వచ్చినది దస్త్రములు, శిక్షణ, క్రమశిక్షణ, జీతముల పట్టికలు. వీరుని జీవితంలో ఇది వెలితిగా కనిపించవచ్చును. కాని ఒక దళానికి గొప్ప చోదకులు పదిమంది ఉండి, దాన్ని నడపగలవాడు ఒక్కడూ లేకపోతే అది పరుల చేతిలోనే ఉంటుంది. 1943 ఆగస్టులో కోహాట్ వైమానిక స్థావరం ఆయన అధీనంలోనికి వచ్చినది. అంతవరకు బ్రిటిషు అధికారుల క్రింద భారతీయులు పనిచేయడమే ఆచారం. ఆ ఆచారం అక్కడ తిరగబడినది.

1947 వచ్చినది. దేశంతో పాటు దళం కూడా విడిపోయినది. విమానములలో, సామగ్రిలో సుమారు మూడింట ఒక వంతు పాకిస్తానుకు పోయినది. అంతకంటె బాధాకరమైన సంగతి ఒకటి కలదు. ముఖర్జీ యౌవనమంతా గడిచిన డ్రిగ్ రోడ్డు, పెషావరు, మీరాన్‌షా, కోహాట్ — ఒక్కటి కూడా మన దేశంలో మిగలలేదు. పదునాలుగేండ్లు ఒకే పళ్లెంలో తిన్న మిత్రులలో కొందరు ఆ ప్రక్కకు పోయినారు. ఆయన చేతిమీద పెరిగిన మొదటి స్క్వాడ్రను పెషావరులోనే ముగిసినది. ఆ సంఖ్యను 1953లో ఇక్కడి 15వ స్క్వాడ్రనుకు ఇచ్చి, పేరునైనా నిలుపుకొన్నారు. పంపకముల చర్చలలో భారత పక్షాన లెక్కలు చూచినవారిలో ముఖర్జీ ఒకరు. తన చేతితో కట్టిన ఇంటికి తానే గోడ పెట్టించవలసి రావడం ఎట్టి పనియో ఊహించుకోవలసిందే.

కొత్త దళానికి ఆంగ్లేయుడైన ఎల్మ్‌హర్స్ట్ అధిపతి, ముఖర్జీ ఉపాధిపతి. దళం పదాతి సైన్యానికి తోకగా ఉండరాదనీ, దానికి ప్రత్యేక ప్రతిపత్తి ఉండవలెననీ ఎల్మ్‌హర్స్ట్ పట్టుబట్టి సాధించినారు. ఆ మేలు మరువరానిది. పదవిలో కుదురుకొనే వ్యవధి కూడా వారికి చిక్కలేదు. అక్టోబరు 27వ తేదీన కాశ్మీరు రక్షణకై డకోటా విమానములలో సిక్కు సైనికులను శ్రీనగరులో దింపవలసి వచ్చినది. మరుసటి సంవత్సరం మే నెలలో మెహర్ సింగ్ హిమాలయములు దాటి లేహ్‌లో విమానం దింపినారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు మీద చర్య జరిగినప్పుడు భారతీయ టెంపెస్టు విమానములు వరంగల్లు, బీదరు విమానాశ్రయముల మీద దాడి చేసినవి. ముప్పది యేండ్ల క్రిందట లండనుకు విమానములు కానుక ఇచ్చిన ప్రభువుకు ఆనాడు తన రాజ్యం మీది ఆకాశాన్ని కాపాడుకోవడానికి ఒక్క పటాలం లేకపోయినది. చరిత్రలో ఇట్టి వినోదములు లేకపోలేదు.

సైన్యానికి 1949 జనవరిలోనే కరియప్ప అధిపతి అయినారు. వైమానిక దళంలో మాత్రం ఎల్మ్‌హర్స్ట్ తరువాత ఐవిలా చాప్‌మన్, ఆయన తరువాత గిబ్స్ వచ్చినారు. స్వాతంత్ర్యం వచ్చి ఆరేండ్లయినా ఆంగ్లేయుడేమిటని పార్లమెంటులోనూ పత్రికలలోనూ అడిగినవారు ఉన్నారు. అడగవలసిన ప్రశ్నయే. కాని ఆ దళం పదునేనేండ్ల బిడ్డ. 1947 నాటికి అందులో మిక్కిలి అనుభవజ్ఞుడైన భారతీయునికి ముప్పదియారేండ్లు. ఒక్కసారిగా పై మెట్టు ఎక్కి, జారిపడి, మళ్లీ పరుల సాయం కోరడం కంటె కొంతకాలం ఆగడం మేలని ముఖర్జీ నడవడియే చెప్పినది. ఉపాధిపతిగా ఉన్న ఆ ఏండ్లలో ఆయన ఏనాడూ పదవికై తొందరపడినట్లు కనిపించదు. మధ్యలో లండనులోని ఇంపీరియల్ డిఫెన్స్ కళాశాలకు పోయి చదువుకొని కూడా వచ్చినారు.

1954 ఏప్రిల్ 1వ తేదీన ఆయన దళాధిపతి అయినారు. మొదటి స్క్వాడ్రను పుట్టి ఆనాటికి సరిగా ఇరువదియొక్క యేండ్లు. ఢిల్లీ పాలంలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దళానికి ధ్వజం ప్రసాదించినారు. నాలుగు వాపిటీలతో మొదలైన నాడు ఆ మైదానంలో నిలిచిన యువకుడే ఆ ధ్వజం క్రింద అధిపతిగా నిలిచినాడు. నౌకాదళానికి రామ్‌దాస్ కటారి అధిపతి కావడానికి ఇంకా నాలుగేండ్లు పట్టినది.

ఆ పదవిలో ఆయన గడిపిన ఆరున్నర యేండ్లలో దళం రూపురేఖలు మారినవి. వాంపైరు, తూఫానీ వంటి జెట్ విమానములు అంతకుముందే వచ్చి ఉన్నా, 1957లో మిస్టీరు, హంటరు, కాన్‌బెర్రా వరుసగా దిగినవి. మరుసటి యేడు నాట్ వచ్చినది. కొండ ప్రాంతములకు బరువులు మోసే పాకెట్ విమానములు వచ్చినవి. కొనడం సులభం, నడపగలవారిని, బాగుచేయగలవారిని తయారుచేయడం కష్టం. పాత శిక్షణ కేంద్రములనేకం సరిహద్దుకు అవతల ఉండిపోయినందువలన కొత్త చోట్లు వెదకవలసి వచ్చినది. ఆ క్రమంలో బేగంపేట, హకీంపేట మైదానములు యువ చోదకుల విద్యాలయములైనవి. ఆ వరుసలోనే 1967లో దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీకి శంకుస్థాపన జరిగినది గాని, దానిని చూడడానికి ముఖర్జీ లేరు. నిజాము కానుకతో ఎగిరిన 1918 నాటి విమానములలో తెలుగువానికి చోటులేదు. ఇప్పుడు ఏ రాష్ట్రపు యువకుడైనా వైమానిక దళంలో చోదకుడు కావలెనంటే తెలుగునేల మీదికి రావలసి ఉన్నది.

విమానములు స్వదేశంలో తయారు కావలెనన్న పట్టుదల ఆయనకు, హర్జీందర్ సింగ్‌కు ఉమ్మడి. ఒకనాటి ఆ హవాయి సిపాయి అప్పటికి ఎయిర్ వైస్ మార్షల్. 1960లో కాన్పూరులో ఆవ్రో రవాణా విమానముల తయారీకి హర్జీందర్ పూనుకొన్నప్పుడు, అది వైమానిక దళం చేయవలసిన పని కాదని అడ్డుచెప్పినవారు ఉన్నారు. 1961 నవంబరులో ఆ మొదటి విమానం లేచినది. అప్పటికి ముఖర్జీ పోయి ఏడాది.

మనిషి నెమ్మదైనవాడు. గొంతు పెంచి ఆజ్ఞాపించే అలవాటు లేదు. బంతియాట అంటే ప్రాణం. మోహన్ బగాన్ అభిమాని. పాఠశాల పిల్లల నుంచే ఆటగాండ్రను తీర్చవలెనని ఆయన తలపెట్టిన అఖిల భారత ఫుట్‌బాల్ పోటీ 1960లో మొదలైనది. ఈనాడు సుబ్రతో కప్పు కోసం పోటీపడే బాలురలో, బాలికలలో ఆ పేరుగల మనిషి వాపిటీ నడిపినాడని ఎరిగినవారు ఎందరో చెప్పడం కష్టం.

1960 నవంబరు 8వ తేదీన ఆయన టోక్యోలో ఉన్నారు. ఎయిర్ ఇండియా విమానంలో ఆ నగరానికి చేరి, ఒక భోజనశాలలో నౌకాదళానికి చెందిన మిత్రునితో కలిసి భోజనానికి కూర్చున్నారు. ఆహారపు ముక్క ఒకటి శ్వాసనాళానికి అడ్డుపడినది. వైద్యుడు వచ్చేలోగా ప్రాణం పోయినది. వజీరిస్తాను గుట్టల మీద తుపాకులకు, గుడ్డరెక్కల విమానములకు, తోటి చోదకులను బలిగొన్న ప్రమాదములకు చిక్కని ప్రాణం భోజనపు బల్ల దగ్గర నిమిషములలో పోయినది. ఆయనకు నిండా ఏబది యేండ్లు లేవు. పార్థివ శరీరాన్ని ఢిల్లీకి తెచ్చి సైనిక మర్యాదలతో దహనం చేసినారు. ఆయన జీవించిన ఒక్కొక్క యేటికి ఒక్కొక్కటిగా నలుబదితొమ్మిది విమానములు పైన వరుస కట్టి సాగిపోయినవి. ఆయన స్థానంలో ఆస్పీ ఇంజనీరు వచ్చినారు.

శారదా ముఖర్జీకి అప్పటికి నలుబదియొక్క యేండ్లు. ఇంట కూర్చుండలేదు. వైమానిక దళ కుటుంబముల సంక్షేమ సంఘాన్ని నిలబెట్టినారు. 1962లో రత్నగిరి నుంచి లోక్‌సభకు ఎన్నికై రెండు పర్యాయములు సభ్యురాలుగా ఉన్నారు. 1977 మే నెలలో ఆంధ్రప్రదేశ్ గవర్నరై హైదరాబాదు రాజ్‌భవనానికి వచ్చినారు. ఈ రాష్ట్రానికి తొలి మహిళా గవర్నరు ఆమెయే. ఆ నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినది. సుమారు పదివేల మంది ప్రాణములు పోయినవి. నీట చిక్కిన ఊళ్ల మీద వైమానిక దళపు హెలికాప్టర్లు తిరిగి, అన్నపు పొట్లములు జారవిడిచినవి. 1978 ఆగస్టులో ఆమె గుజరాతు గవర్నరుగా వెళ్లిపోయినారు. 2007లో కన్నుమూసినారు.